ఆగకూడని రైలు, కాదనకూడని రైలు: పాత బ్రిటిష్ రైల్వేల వింతలు

అడిగిన ప్రశ్న ఇది: పాత బ్రిటిష్ రైళ్ల ఫొటోల్లో నడుస్తున్న రైలు నుంచి విడిపోయిన వెనక పెట్టె, ఇటుక గోడలా రంగు పూసిన బోగీ, 1960లలోనూ వ్యాగన్లు లాగుతున్న గుర్రం, వీపున హుండీ కట్టుకున్న కుక్క కనిపిస్తాయి. ఇవన్నీ నిజమేనా? నిజమైతే ఎలా నడిచేవి, ఎందుకు పెట్టుకున్నారు?

నాలుగూ నిజమే. కాకపోతే వీటిలో ఏదీ జనాన్ని నవ్వించడానికి పెట్టింది కాదు. అక్కడి రైల్వేలకు రెండు తలనొప్పులు ఉండేవి. పోటీ కంపెనీ కంటే ముందు చేరాలి కాబట్టి రైలు మధ్యలో ఆగకూడదు. ఎవరు ఏ సరుకు తెచ్చినా చట్టం ప్రకారం కాదనకూడదు. ఫొటోలో వింత కనిపిస్తే ముందు అది ఈ రెండింటిలో ఏ ఖాతాలోదో చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

స్లిప్ కోచ్‌తో మొదలుపెడతాను, మనవాళ్లు ఎక్కువగా పొరబడేది దీని దగ్గరే. మన దగ్గర స్లిప్ కోచ్ అంటే జంక్షన్‌లో రైలు ఆగాక విప్పి ఇంకో రైలుకు తగిలించే పెట్టె. బ్రిటన్‌లో స్లిప్ అంటే అక్షరాలా జారవిడవడమే. రైలు గంటకు అరవై మైళ్ల వేగంతో పోతూనే ఉంటుంది. చివరి పెట్టె విడిపోయి, తనకున్న ఊపుతో దొర్లుకుంటూ వచ్చి స్టేషన్‌లో ఆగుతుంది. లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వే 1858 ఫిబ్రవరిలో హేవర్డ్స్ హీత్ దగ్గర దీన్ని మొదలుపెట్టింది. తర్వాత దీన్ని ఎక్కువగా వాడుకున్నది గ్రేట్ వెస్టర్న్. వాళ్ల కార్నిష్ రివియెరా ఎక్స్‌ప్రెస్ మంచి రోజుల్లో వెస్ట్‌బరీ, టాంటన్, ఎక్సెటర్‌లలో ఒక్కో పెట్టె రాల్చుకుంటూ, తాను మాత్రం ఎక్కడా ఆగకుండా ప్లిమత్ చేరేది.

స్లిప్ పెట్టె ముందు భాగంలో కిటికీలున్న చిన్న గది, అందులో ఒక స్లిప్ గార్డు ఉంటాడు. పెట్టె ముందున్న కొక్కెం మామూలుది కాదు. దాని ముక్కు మడతబందు మీద తిరుగుతుంది, ఒక గడియ దాన్ని పట్టి ఉంచుతుంది. గార్డు లివరు లాగితే గడియ జారి, ముక్కు కిందికి వాలి, ముందు పెట్టె తాలూకు లంకె దాని మీంచి జారిపోతుంది. ఇంతవరకూ సులువే. అసలు చిక్కు బ్రేకు గొట్టంతో. వాక్యూమ్ బ్రేకు అంటే గొట్టంలో గాలి తీసేసి ఉంచినంతసేపే విడిపడి ఉండే బ్రేకు. అలాంటి రైల్లో గొట్టం తెగితే గాలి లోపలికి దూరి రైలంతటికీ బ్రేకులు పడతాయి. రైలు రెండు ముక్కలైతే దానంతటది ఆగిపోవాలన్నదే ఆ బ్రేకు ఉద్దేశం. స్లిప్ చేసేటప్పుడు సరిగ్గా అదే జరగకూడదు. అందుకని విడిపోయే చోట గొట్టాన్ని మూసే కవాటాలు పెట్టారు, విడిపోయే పెట్టెకు సొంత వాక్యూమ్ నిల్వ డబ్బాలు ఇచ్చారు. ఆ నిల్వతోనే గార్డు బ్రేకు కొంచెం వేసి, వదిలి, మళ్లీ వేసి పెట్టెను ప్లాట్‌ఫాం దాకా తెచ్చుకోవాలి. నిల్వ అయిపోతే ఇక చేతి బ్రేకే దిక్కు.

తొందరపడి వదిలితే పెట్టె స్టేషన్ చేరకముందే నిలబడిపోతుంది, ఇంజను వెళ్లి ఈడ్చుకురావాలి. ఆలస్యం చేస్తే ప్లాట్‌ఫాం దాటేస్తుంది. విడిపోయిన వెంటనే ముందు రైలుకు సిగ్నల్ అడ్డుపడి వేగం తగ్గిందంటే, వెనక పెట్టె వెళ్లి దాన్నే గుద్దుతుంది. అందుకే సిగ్నళ్లు క్లియర్‌గా ఉన్నాయని చూసుకున్నాకే లివరు ముట్టుకునేవారు. పొగమంచు పడితే జారవిడవడం మానేసి రైలునే ఆపేవారు. తోక దీపాల సంగతి కూడా చెప్పాలి. సిగ్నల్ క్యాబిన్‌లోని మనిషి చివరి పెట్టెకున్న ఎర్ర దీపం చూసి రైలు మొత్తం వెళ్లిందని నిర్ధారించుకుంటాడు. స్లిప్ పెట్టెకు కూడా మామూలు దీపమే పెడితే ఏ పెట్టె ఎక్కడ తెగిందో అతనికి తెలియదు. అందుకే స్లిప్ పెట్టెలకు వేరే అమరికలో దీపాలుండేవి, ప్రధాన రైలు అసలు చివర దాని సొంత దీపం విడిగా ఉండేది. ఫొటోలో చివరి పెట్టె వెనక దీపాల అమరిక తేడాగా ఉంటే అనుమానించండి.

ఇంత తెలివైన ఏర్పాటు ఎందుకు పోయింది? దింపడమే తప్ప ఎక్కించుకోవడం లేదు. లండన్ నుంచి వచ్చేవాడికి రాజభోగం, లండన్ వెళ్లేవాడికి ఆగుతూ పోయే రైలే గతి. ప్రతి పెట్టెకూ ఒక గార్డు జీతం అదనం. పైగా స్లిప్ పెట్టె నుంచి మిగతా రైల్లోకి నడిచి వెళ్లే దారి లేదు, మొదటి తరగతి టికెట్టు కొన్నా భోజనం బోగీ మొహం చూడలేరు. 1960 సెప్టెంబరు 10న బిస్టర్ నార్త్‌లో ఆఖరి పెట్టె జారింది. (రాతలో చూసి బైసెస్టర్ అనకండి, అక్కడివాళ్లు బిస్టర్ అనే అంటారు.)

ఆగకూడదంటే పెట్టెలు వదిలితే చాలదు, ఇంజనుకు నీళ్లు కూడా కావాలి. ఆవిరి ఇంజను బొగ్గు కంటే ముందు నీళ్లు అయిపోగొడుతుంది. లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేకు చెందిన జాన్ రామ్స్‌బాటమ్ 1860లో ఉత్తర వేల్స్‌లోని మోక్‌డ్రే దగ్గర రెండు పట్టాల మధ్య పొడవాటి ఇనుప తొట్టి పరిచాడు. నాలుగైదు వందల గజాల పొడవు, అడుగున్నర వెడల్పు, అర అడుగు లోతు నీళ్లు. ఇంజను వెనక నీళ్లు, బొగ్గు మోసే బండిని టెండరు అంటారు, దాని కింద ఒక మూతి ఉంటుంది. ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్ చేతి చక్రం తిప్పి దాన్ని దించితే, రైలు వేగమే నీళ్లను గొట్టంలోంచి పైకి తోసేది. పంపు లేదు, ఏమీ లేదు. సగం నిమిషంలో రెండు వేల గ్యాలన్ల వరకు ఎక్కేవి.

వినడానికి హాయిగా ఉంది కదా, ఫైర్‌మ్యాన్ అవస్థ చూడండి. మూతి దించడం తేలిక, ఎత్తడమే కష్టం. గంటకు యాభై మైళ్ల వేగంలో నీటి ఒత్తిడి మూతిని కిందికే నొక్కి పట్టుకుంటుంది. ట్యాంకు నిండుతోందని కాస్త ముందే పసిగట్టి చక్రం తిప్పడం మొదలుపెట్టకపోతే, మిగిలిన నీళ్లన్నీ టెండరు పైమూతల్లోంచి చిమ్మి వెనకున్న మొదటి బోగీ మీద పడేవి. అందులో కిటికీ దించుకుని గాలి పీల్చుకుంటున్న ప్రయాణికుడికి స్నానమే. ఒక్కోసారి నీళ్లతో పాటు బొగ్గు పెళ్లలు కూడా కొట్టుకొచ్చేవి, ఎదురుగా వచ్చే రైలు అద్దాలు పగిలేవి. తర్వాత్తర్వాత నీళ్లను మధ్యకు మళ్లించే రెక్కలను మూతి ముందు అమర్చి చిమ్మడం కొంత తగ్గించారు.

తొట్టి వేసే చోటుకు షరతులున్నాయి. పట్టా నీటి మట్టంలా చదునుగా ఉండాలి, లేకపోతే ఒక కొస పొంగుతుంది, ఇంకో కొస ఎండుతుంది. మెలికలు ఉండకూడదు. దగ్గర్లో మంచి నీటి వనరు ఉండాలి, నీళ్లలో సున్నం ఎక్కువుంటే బాయిలరు పాడవుతుంది. చలికాలం గడ్డకడితే మనుషులు గడ్డపారలతో పగలగొట్టాలి. రోజంతా తడిసే స్లీపర్లు కుళ్లిపోయేవి, కంకర కొట్టుకుపోయేది. ఆ కొద్ది గజాల ట్రాక్‌కు అయ్యే మరమ్మతు ఖర్చు అంతా ఇంతా కాదు. సదరన్ రైల్వే ఈ గొడవే పెట్టుకోలేదు. దూరాలు తక్కువ కాబట్టి తొట్లు వేయకుండా పెద్ద టెండర్లతో సరిపెట్టుకుంది. నాకు మహా తమాషాగా అనిపించేది మరొకటి: ఆవిరి పోయి డీజిల్ వచ్చాక కూడా తొట్లు కొన్నాళ్లు బతికాయి. బోగీలు వెచ్చబెట్టడానికి డీజిల్ ఇంజన్లలో చిన్న బాయిలర్లు ఉండేవి, వాటికి నీళ్లు కావాలి. అందుకని డెల్టిక్ లాంటి అధునాతన డీజిళ్లకూ కింద మూతి పెట్టారు. డీజిల్ ఇంజను తొట్లో నీళ్లు తాగుతున్న ఫొటో చూస్తే నకిలీ అనుకోకండి.

ఇక తపాలా. మన ఆర్‌ఎంఎస్ (రైల్వే మెయిల్ సర్వీస్) బోగీ తెలిసినవారికి నడిచే పోస్టాఫీసు కొత్త కాదు. రైల్లోనే ఉత్తరాలు సార్ట్ చేయడం బ్రిటన్‌లో 1838 జనవరిలో, గుర్రాలు తరలించే ఒక పెట్టెను మార్చి మొదలుపెట్టారు. వింత దానిలో లేదు, రైలు ఆగకుండానే సంచులు ఇచ్చిపుచ్చుకోవడంలో ఉంది. పట్టాల పక్కన స్తంభానికి మందపాటి తోలు సంచి వేలాడుతుంటుంది. బోగీ పక్కనుంచి వల తెరుచుకుంటుంది, దాని అంచున ఉన్న తాడు సంచి పట్టీని తెంచి లోపలికి లాగుతుంది. అదే క్షణంలో బోగీ చేతికి వేలాడుతున్న సంచిని పట్టాల పక్కనున్న వల అందుకుంటుంది. ఇదంతా అరవై, డెబ్భై మైళ్ల వేగంలో, తరచుగా నడిరాత్రి.

చీకట్లో ఎక్కడ వల తెరవాలో ఎలా తెలిసేది? వంతెన కింద మోత, స్టేషను దీపాలు, మలుపులో చక్రాల చప్పుడు, వీటిని గుర్తుపట్టే మనిషికే ఆ పని ఇచ్చేవారు. ముందే తెరిస్తే వల వంతెన గోడకో, సిగ్నల్ స్తంభానికో తగులుతుంది. ఆలస్యమైతే సంచి స్తంభం మీదే మిగిలిపోతుంది. లోపలికి వచ్చే సంచి మెల్లగా రాదు, బండరాయిలా వచ్చి పడుతుంది, ఆ వైపు నిలబడితే కాలు విరగడం ఖాయం. ఈ బోగీలను గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు: బోగీల మధ్య నడవా సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. సార్టింగ్ బల్లలకు చోటు కోసం అలా కట్టారు. దానివల్ల ప్రయాణికుల బోగీ నుంచి ఇటు రావడం కుదరదు, డబ్బున్న సంచులకు అదీ మంచిదే. బోగీ పక్కన ఉత్తరాల పెట్టె కూడా ఉండేది, అదనపు రుసుము కట్టి స్టేషన్‌లో నేరుగా రైల్లోనే ఉత్తరం వేయొచ్చు. ఆఖరి సంచి మార్పిడి 1971 అక్టోబరు 4న పెన్రిత్‌కు ఉత్తరాన జరిగింది. తపాలా రైళ్లలో సార్టింగ్ మాత్రం 2004 జనవరి దాకా సాగింది.

ఆగకూడదు అన్న ఖాతాలోనే ఇంకొకటి చెప్పి ముగిస్తాను. లండన్ నుంచి పారిస్‌కు 1936 నుంచి 1980 దాకా నైట్ ఫెర్రీ అనే స్లీపర్ రైలు ఉండేది. ప్రయాణికుడు మంచం దిగకుండానే డోవర్‌లో బోగీలు ఓడెక్కేవి. డోవర్‌లో ఆటుపోట్లకు నీటి మట్టం బాగా మారుతుంది కాబట్టి గేట్లు, పంపులు ఉన్న మూసిన రేవు కట్టాల్సి వచ్చింది. స్లీపర్ గదిలో లైఫ్ జాకెట్లు ఉండేవి. రైల్లో లైఫ్ జాకెట్! నిద్ర చెడగొట్టేది మాత్రం సముద్రం కాదు, బోగీలను ఓడ నేలకు బిగించే గొలుసుల చప్పుడు.

ఇప్పుడు రెండో ఖాతా. పందొమ్మిదో శతాబ్దంలో రైల్వేలకు గుత్తాధిపత్యం ఉండేది కాబట్టి, చట్టం వాటిని కామన్ క్యారియర్‌గా చూసింది. అంటే ప్రకటించిన ధరకు, ఎవరు తెచ్చిన సరుకునైనా మోయాల్సిందే. లారీలు వచ్చాక లారీ యజమాని లాభమున్న సరుకు ఏరుకునేవాడు, మిగిలిన జంజాటమంతా రైల్వే నెత్తిన పడేది. 1962 ట్రాన్స్‌పోర్ట్ చట్టం ఈ బాధ్యత తీసేసేదాకా ఇదే వరస. ఏనుగుల ఫొటోలు, పావురాల ఫొటోలు, మొత్తం పొలమే రైలెక్కిన ఫొటోలు ఈ కాలానివే.

సర్కస్ ఏనుగులను, నాటకాల తెరలు మోసే పొడవాటి వ్యాన్లలాంటి, చివర తలుపు తెరుచుకునే పెట్టెల్లో ఎక్కించేవారు. నేల బలంగా ఉండాలి, ప్లాట్‌ఫాం చివర రైలు పెట్టె ఎత్తుకు సమంగా కట్టిన దిబ్బ ఉండాలి, పక్క తలుపులోంచి ఏనుగు తిరగలేదు కదా. స్టేషను నుంచి మైదానం దాకా వాటిని నడిపించడం సర్కస్ వాళ్లకు పైసా ఖర్చులేని ప్రచారం. రైతు ఊరు మారితే పశువులు, కోళ్లు, ట్రాక్టరు, గడ్డి, ఇంటి సామాను మొత్తానికి ఒక స్పెషల్ రైలు మాట్లాడుకునేవాడు. అక్కడ చిక్కు బరువు కాదు, పాలు. పాడి ఆవులను ఎక్కించే ముందు పితకాలి, దిగగానే మళ్లీ పితకాలి. కాబట్టి రైలు టైంటేబుల్‌ను ఆవుల పొదుగులు నిర్ణయించేవి.

పావురాల కథ అన్నిటికంటే సొగసైనది. పందెం పావురాలను బుట్టల్లో పెట్టి, రెండు మూడు వందల మైళ్ల దూరంలో ఉన్న ఏదో స్టేషనుకు బుక్ చేస్తారు. అక్కడి పోర్టరు చేయాల్సింది ఇది: బుట్టలు దించి, నీళ్లు చూపించి, చెప్పిన సమయానికి మూతలన్నీ ఒకేసారి తెరిచి, ఎన్నింటికి వదిలాడో చీటీ మీద రాసి, ఖాళీ బుట్టలు తిరుగు రైల్లో పంపాలి. పందెం ఫలితం మొత్తం ఆ పోర్టరు రాసిన అంకె మీద ఆధారపడి ఉంటుంది. బాగా పందేలు జరిగే వారాంతాల్లో పావురాలకే ప్రత్యేక రైళ్లు నడిచేవి.

శవాలదీ ఇలాంటిదే, కాస్త పెడసరంగా అనిపించినా చెప్పాలి. లండన్ వాటర్లూ పక్కనుంచి బ్రూక్‌వుడ్ శ్మశానానికి 1854 నవంబరులో లండన్ నెక్రోపోలిస్ కంపెనీ రైలు మొదలైంది. బంధువులకు రిటర్న్ టికెట్టు, శవపేటికకు సింగిల్. శవపేటికలకూ మొదటి, రెండో, మూడో తరగతులు ఉండేవి. చనిపోయాక కూడా తరగతి తేడా పోలేదు. 1941 ఏప్రిల్‌లో లండన్ స్టేషన్ మీద బాంబులు పడటంతో ఆ సర్వీసు ఆగిపోయింది.

గుర్రం గురించి అడిగారు కదా. ప్రతి చిన్న గూడ్సు యార్డుకూ షంటింగ్ ఇంజను కేటాయించడం దండగ, రోజుకు నాలుగు వ్యాగన్లు జరపడానికి బాయిలరు రోజంతా మండాలి. గుర్రానికి గడ్డి చాలు. వ్యాగన్ పక్క చట్రానికి ఇందుకోసమే ఒక కొక్కెం ఉండేది. గొలుసు దానికి తగిలించి, గుర్రం పట్టాల మధ్య కాకుండా పక్కన నడుస్తూ లాగేది. కదిలించేటప్పుడే బలం కావాలి, ఒకసారి దొర్లితే వ్యాగన్ సునాయాసంగా వస్తుంది. ప్రమాదం అక్కడే: గుర్రం లాగగలదు కానీ ఆపలేదు. చోటు దగ్గరికి రాగానే మనిషి గొలుసు విప్పి గుర్రాన్ని పక్కకు తప్పించాలి, ఇంకొకడు పక్కనే పరిగెడుతూ వ్యాగన్ బ్రేకు లివరును కర్రతో నొక్కాలి. బ్రిటిష్ రైల్వేస్‌లో ఆఖరి షంటింగ్ గుర్రం పేరు చార్లీ, న్యూమార్కెట్‌లో 1967 ఫిబ్రవరి 21న పదవీ విరమణ చేసింది. న్యూమార్కెట్ అంటే పందెపు గుర్రాల ఊరు. చార్లీ అక్కడ జరిపిన పెట్టెల్లో ఎక్కువ భాగం ఆ పందెపు గుర్రాలు ప్రయాణించేవే. ఒక గుర్రం కాలు కదపకుండా కూర్చుంటే ఇంకో గుర్రం దాన్ని లాగింది.

కాదనకూడదన్న చట్టం లాంటిదే ఇంకొకటి ఒకసారి రైల్వే మెడకు ఎలా చుట్టుకుందో చూడండి. సస్సెక్స్‌లో లూయిస్ నుంచి ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ వెళ్లే లైను నష్టాల్లో ఉందని 1955లో మూసేశారు. మ్యాడ్జ్ బెస్సెమర్ అనే స్థానికురాలు పాత చట్టాలు తవ్వి, ఆ లైను మీద రోజుకు నాలుగు రైళ్లు నడపాల్సిందేనన్న 1870ల నాటి నిబంధన బయటపెట్టింది. రైల్వే 1956 ఆగస్టులో మళ్లీ రైళ్లు వేసింది, మొహం మాడ్చుకుని. ఎవరికీ పనికిరాని వేళల్లో, చట్టంలో పేరున్న స్టేషన్లలో మాత్రమే ఆగుతూ. బార్‌కంబ్, కింగ్స్‌కోట్ పేర్లు చట్టంలో లేవు కాబట్టి వాటిని ఆగకుండా దాటిపోయేవి. జనం దీనికి పెట్టిన పేరుకు అర్థం ‘అలిగిన సర్వీసు’. పార్లమెంటు ఆ నిబంధన రద్దు చేశాక 1958 మార్చిలో రెండోసారి మూశారు. ఆ లైనులో ఒక ముక్క మీదే 1960లో, పాత రైళ్లను కాపాడి నడిపే బ్లూబెల్ రైల్వే మొదలైంది.

దీనికి తమ్ముడి వరస స్టాక్‌పోర్ట్–స్టేలీబ్రిడ్జ్ రైలు. లైను మూయాలంటే చట్టం ప్రకారం నోటీసులు, అభ్యంతరాల విచారణలు, మంత్రి అనుమతి కావాలి. వారానికొక రైలు నడిపితే మూసినట్టు కాదు. కాబట్టి 1990లలో శుక్రవారం ఒక్క రైలు, అదీ ఒకే దిక్కుకు. వెళ్లినవాడు తిరిగి రావడానికి రైలు లేదు.

లైన్లు నిజంగా మూసినప్పుడు ఇంకో తతంగం ఉండేది. 1969 జనవరి 5 రాత్రి ఎడిన్‌బరో నుంచి కార్లైల్ వెళ్లే వేవర్లీ లైన్‌లో ఆఖరి రైలు బయల్దేరింది. హావిక్‌లో జనం ఒక శవపేటిక తెచ్చి రవాణా మంత్రి పేరు రాసి రైలెక్కించారు. న్యూకాసిల్‌టన్‌లో ఊరివాళ్లు లెవెల్ క్రాసింగ్ గేట్లు మూసేసి పట్టాల మీద నిలబడ్డారు. పోలీసులు స్థానిక పాదిరీని అరెస్టు చేశారు. అదే రైల్లో ఉన్న ఎంపీ డేవిడ్ స్టీల్ దిగొచ్చి, పాదిరీని వదిలేస్తే దారి వదులుతామని రాజీ కుదిర్చాడు. ఇలాంటి ఆఖరి రైళ్లకు, రైల్వే కుటుంబాల పెళ్లిళ్లకు పట్టాల మీద డిటొనేటర్లు పేల్చడం అక్కడ ఆనవాయితీ. పొగమంచులో సిగ్నల్ కనిపించనప్పుడు డ్రైవరుకు వినిపించేలా పట్టాకు కట్టే చిన్న రేకు టపాకాయలే అవి. మన ఉత్తరాది రైళ్లలో చలికాలం ఇప్పటికీ వాడుతున్నవీ అవే.

వేమత్‌లో రైలు నడివీధిలో నడిచిన ఫొటోలు కూడా తరచుగా తిరుగుతుంటాయి. ఛానెల్ దీవులకు వెళ్లే ఓడల కోసం ప్రధాన స్టేషను నుంచి రేవు దాకా మైలు పొడవున వీధి మధ్యలో పట్టాలు. ముందు జెండా పట్టుకుని మనుషులు నడుస్తుంటే, వెనక పది పన్నెండు బోగీల రైలు మనిషి నడక వేగంతో వచ్చేది. ఎవరైనా కారు పట్టాలకు దగ్గరగా ఆపి వెళ్లిపోతే, నలుగురు రైల్వేవాళ్లు కలిసి ఒక కొసను ఎత్తి పక్కకు జరిపేవారు. ఆలస్యానికి కారణం రాయాల్సిన చోట కారు అడ్డం అని రాసుకోగలిగిన లైను ఇదొక్కటే అనుకుంటా. రోజువారీ ప్రయాణికుల రైళ్లు 1987లో ఆగాయి.

ఇటుక గోడ బోగీ మాత్రం నేను చెప్పిన రెండు ఖాతాల్లోనూ పడదు. అది ఒక ఇంజనీరు మొండితనం. సదరన్‌కు చీఫ్ మెకానికల్ ఇంజనీరుగా ఉన్న ఆలివర్ బులీడ్ 1949లో టావెర్న్ కార్లు తెచ్చాడు. బయట కింది సగం ఇటుకల్లా, పై సగం పాతకాలపు కర్ర చట్రం ఇళ్ల గోడలా రంగులు, ప్రతి పెట్టెకూ ఒక సారాయి దుకాణం పేరు, వైట్ హార్స్, జాలీ టార్ అని. లోపల నకిలీ దూలాలు. దానికి జోడీగా ఉన్న భోజనం బోగీకి పక్క కిటికీలు లేవు, పైన చిన్న గవాక్షాలే. బయట చూసే పని లేకపోతే జనం తిని త్వరగా లేస్తారన్నది లెక్క. డెవన్ తీరం దాకా వెళ్తూ గోడ చూస్తూ భోంచేయమంటే ఎవరు ఊరుకుంటారు? పత్రికలకు ఉత్తరాలు వెల్లువెత్తాయి, ఏడాది తిరిగేసరికి మామూలు కిటికీలు పెట్టాల్సి వచ్చింది. డబుల్ డెక్కర్ రైలు కూడా ఈయన చలవే. బ్రిటన్ సొరంగాల ఎత్తు తక్కువ కాబట్టి రెండు అంతస్తులు పూర్తిగా పట్టవు, పై సీట్లను కింది సీట్ల మధ్య ఇరికించాడు. ఎక్కి దిగడానికి రెట్టింపు సేపు పట్టి, సీట్లు పెరిగిన లాభం స్టేషన్లలోనే ఆవిరైంది. అయినా అలా కట్టిన రెండు డబుల్ డెక్కర్ రైళ్లు 1971 దాకా నడిచాయి.

పేర్ల విషయం క్లుప్తంగా. టెలిగ్రాఫ్ కాలంలో ప్రతి రకం వ్యాగన్‌కూ ఒక్క పదం కేటాయించారు. గ్రేట్ వెస్టర్న్‌లో బ్రేక్ వ్యాన్ అంటే టోడ్, అంటే గోదురుకప్ప. బరువైన యంత్రాలు మోసేది క్రోకోడైల్. తర్వాత ట్రాక్ మరమ్మతు వ్యాగన్లకు చేపల పేర్లు వచ్చాయి: డాగ్‌ఫిష్‌లో 24 టన్నుల కంకర, క్యాట్‌ఫిష్‌లో 19 టన్నులు, కంకర చదును చేసే నాగలి ఉన్నది షార్క్. ఆ పేర్లు వ్యాగన్ల మీద రాసే ఉంటాయి. షార్క్ అని చదివి ఎవరో సరదాగా రాశారనుకోకండి.

1991 ఫిబ్రవరి నాటి ‘తప్పుడు రకం మంచు’ కూడా జోకుగానే మిగిలిపోయింది, కానీ మాట నిజం. బ్రిటన్‌లో మామూలుగా పడే మంచు తడిగా, ముద్దలుగా ఉంటుంది. ఆ వారం పడింది పిండిలాంటి పొడి మంచు. విద్యుత్ రైళ్ల మోటార్లను చల్లబరచడానికి పీల్చుకునే గాలితో పాటు అది జల్లెడలు దాటి లోపలికి పోయి, వేడికి కరిగి, తీగ చుట్లను తడిపి షార్ట్ సర్క్యూట్ చేసింది. రేడియోలో అధికారి చెప్పింది ఈ మంచు వేరే రకమని. తప్పుడు రకం అన్నది అడిగిన విలేకరి మాట. పత్రికల శీర్షికల్లో మిగిలింది విలేకరి మాటే.

చివరగా కుక్క. రైల్వే ఉద్యోగుల అనాథ పిల్లల కోసం, వితంతువుల కోసం చందాలు పోగుచేయడానికి కుక్కల వీపున హుండీ కట్టి ప్లాట్‌ఫాంల మీద తిప్పేవారు. వింబుల్డన్‌లో ల్యాడీ అనే ఎయిర్‌డేల్ 1949 నుంచి 1956 దాకా పనిచేసి 5,000 పౌండ్లు వసూలు చేసింది. చనిపోయాక లోపల కూరి భద్రపరిచిన దాని దేహం ఇప్పుడు యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియంలో ఉంది. సంచులందుకునే వలను పని చేస్తుండగా చూడాలంటే పాత రైళ్లు నడిపే గ్రేట్ సెంట్రల్ రైల్వేలోని క్వోర్న్ స్టేషన్‌కు, ప్రదర్శన రోజులు చూసుకుని వెళ్లండి. ఇలాంటి కుక్కను చూడటానికి మాత్రం మ్యూజియం దాకా వెళ్లనక్కర్లేదు. లండన్ పడమటి వైపు ఉండే మన తెలుగువాళ్లలో చాలామంది స్లౌ స్టేషను మీదుగానే ఆఫీసులకు పోతుంటారు. అక్కడ ఐదో నంబరు ప్లాట్‌ఫాం మీద అద్దాల పెట్టెలో జిమ్ ఉంటుంది. నాణెం పడ్డప్పుడల్లా మొరిగేలా నేర్పిన కుక్క అది. 1896లో చనిపోయింది, పెట్టెకు నాణేలు వేసే కంత ఇంకా ఉంది.